వాక్యం మోసే బరువు

మెదడు శాస్త్రపు వ్యాసాల్లో ఆమె పేరు పి.వి. ఆ రెండు అక్షరాలకు మించి మనకు తెలియనక్కర్లేదు. ఇటలీ మహిళ. చిన్న వయసులోనే పక్షవాతం వచ్చి మెదడు ఎడమ భాగం కొంత దెబ్బతింది. మాట పోలేదు, తెలివి తగ్గలేదు. అంకెలు వినిపించి తిరిగి చెప్పమన్నప్పుడే లోపం బయటపడేది. రెండంకెలు చెప్పేది, మూడోది చేరిస్తే తప్పేది. మామూలుగా ఎవరైనా ఆరో ఏడో అప్పజెబుతారు. జుసెప్పే వాలార్, అలన్ బాడ్లీ అనే ఇద్దరు మనోవిజ్ఞానులు 1984లో ఆమె గురించి రాసినప్పటి నుంచి జ్ఞాపకశక్తి మీద పుస్తకం రాసే ప్రతివాళ్లూ ఆమెను ఒకసారి పలకరించి వెళ్లాల్సిందే.

విన్నదాన్ని నాలుగు క్షణాలపాటు చెవిలో నిలుపుకునే శక్తి ఇంతగా పోతే, ఆ మనిషికి ఎదుటివాళ్ల మాట అర్థం కాకూడదు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో విన్నది మిగిలి ఉండాలి కదా! పి.వి.కి మాత్రం మామూలు సంభాషణలో ఇబ్బంది ఉండేది కాదు. ఇలాంటి లోపమున్న రోగుల్ని బాడ్లీ, వాలార్, బార్బరా విల్సన్ 1987లో ఇంకొంచెం తరచి చూశారు. ఆ రోగుల్లో, పొంతన లేని విడి పదాలైతే ఒక్కదానికి మించి తిరిగి చెప్పలేని ఒక మనిషి, అవే వాక్యంగా వస్తే ఐదు దాకా చెప్పగలుగుతోంది.

ఆ మిగతా నాలుగు పదాలను పట్టుకున్నదెవరు?

ఈ ప్రశ్న రోగులకే పరిమితం కాదు. ఆరోగ్యవంతుల్లోనూ ఇదే తేడా. పొంతన లేని పదాలు చదివి వినిపిస్తే ఐదారు దగ్గర ఆగిపోతాం. వాక్యమైతే పదిహేను పదహారు పదాల వరకూ పొల్లుపోకుండా చెప్పేస్తాం. పరీక్షించాలంటే ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి ఈ ఎనిమిది మాటలు ఒకే ఒక్కసారి చదివి వినిపించండి: గొడుగు, తడిసి, నిన్న, వచ్చింది, బస్టాండులో, ఇంటికి, అమ్మమ్మ, మర్చిపోయి. అప్పజెప్పమంటే సగం దగ్గర తలగోక్కుంటారు. మరొకరికి ఇలా వినిపించండి: నిన్న అమ్మమ్మ బస్టాండులో గొడుగు మర్చిపోయి తడిసి ఇంటికి వచ్చింది. అవే ఎనిమిది మాటలు. ఈసారి తప్పేవాళ్లు దొరకడం కష్టం.

జార్జ్ మిల్లర్ 1956లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో మన తక్షణ జ్ఞాపకానికి ఏడు, అటూ ఇటూగా రెండు అనే హద్దు గీశాడు. ఆ ఏడు అనే అంకె ఎంత పేరు తెచ్చుకుందంటే, దాని పక్కనే ఆయన చెప్పిన అసలు సంగతి చాలామందికి గుర్తులేదు. హద్దు అక్షరాలకో పదాలకో కాదు, ముద్దలకు. విడివిడి అక్షరాలు ఏడే పడతాయి. వాటిని మాటలుగా కూర్చుకుంటే ఏడు మాటలు పడతాయి. అయితే ఏది ముద్ద అవుతుంది, ఏది కాదు అన్నది బుర్రలో ముందే ఉన్న జ్ఞానాన్ని బట్టి ఉంటుంది. భాష విషయంలో ఆ జ్ఞానంలో పెద్ద వాటా వ్యాకరణానిది. బళ్లో బట్టీపట్టిన సూత్రాల సంగతి కాదు నేనంటున్నది. బడి మొహం చూడని మనిషి కూడా ‘అమ్మమ్మ వచ్చాడు’ అనడు, ఆ వ్యాకరణం.

ఇక్కడ సందేహం రావడం న్యాయం. వాక్యం గుర్తుండేది వ్యాకరణం వల్లనా, అర్థం వల్లనా? అమ్మమ్మ, గొడుగు, వాన కలిస్తే కళ్లముందు ఒక బొమ్మ కడుతుంది. గుర్తుంటున్నది ఆ బొమ్మేనేమో. ఈ రెండింటినీ విడదీయాలంటే అర్థం బొత్తిగా లేని వాక్యం కావాలి. విలియం ఎప్‌స్టీన్ 1961లో సరిగ్గా అదే చేశాడు. ఇంగ్లీషులో లేని మాటలు పుట్టించి, వాటికి ఇంగ్లీషు ప్రత్యయాలు తగిలించి, వాక్యంలా పేర్చాడు. ఆ ప్రయోగాన్ని తెలుగులో చేస్తే ఇలా ఉంటుంది:

ఆ చిమడలు లొబ్బెతో కూవరిని జొదిగా గపించాయి.

ఒక్క మాటకూ అర్థం లేదు. అయినా అడిగి చూడండి. గపించినవి ఏవి? చిమడలు. ఒకటా, ఎక్కువా? ఎక్కువే. దేన్ని గపించాయి? కూవరిని. దేనితో? లొబ్బెతో. ఎలా? జొదిగా. అవి మనుషులా? కాదు, మనుషులైతే ‘గపించారు’ అని ఉండేది. ఏమీ తెలియని వాక్యం గురించి ఇన్ని సంగతులు చెప్పేశాం. ఇవన్నీ లు, తో, ని, గా, ఆయి అనే తోకలు చెప్పినవే. ఇప్పుడు తోకలన్నీ కోసేద్దాం: ఆ చిమడ లొబ్బె కూవరి జొది గపి. వాక్యం పొట్టిదైంది, గుర్తుపెట్టుకోవాల్సిన అక్షరాలు తగ్గాయి. లెక్క ప్రకారం ఇది సులువు కావాలి. ఎప్‌స్టీన్ ప్రయోగంలో జరిగింది దీనికి తలకిందులు. ప్రత్యయాలున్న పొడుగు వరుసనే జనం తక్కువసార్లు చూసి నేర్చుకున్నారు. అక్షరాలు పెరిగాయి, భారం తగ్గింది.

మరుసటి ఏడాది ఆయనే ఒక మెలిక బయటపెట్టాడు. అవే వరుసలను మొత్తంగా కాకుండా ఒక్కొక్క మాటగా చూపిస్తే ప్రత్యయాల వల్ల వచ్చిన లాభం మాయమైంది. అంటే తోక దానంతటదే మంత్రం కాదు. ఇదంతా ఒక వాక్యం అని మనసు గ్రహించే అవకాశం ఉంటేనే అది పనిచేస్తుంది. డిక్టేషన్ చెప్పే పంతులుగారు మాటమాటకీ ఆగితే పిల్లలు ఎక్కువ తప్పులు రాయడానికి ఇది కూడా ఒక కారణమేమోనని నా అనుమానం.

అర్థానికి, వ్యాకరణానికి ఎవరి వాటా ఎంతో తేల్చడానికి 1964లో లారెన్స్ మార్క్స్, జార్జ్ మిల్లర్ మరో దారి పట్టారు. నాలుగు రకాల పద వరుసలు తయారుచేశారు. మొదటివి మామూలు వాక్యాలు. రెండోవి వ్యాకరణం సరిగ్గా ఉండి అర్థం లేనివి. మన భాషలో చెప్పాలంటే ‘చురుకైన గోడలు తీయని అప్పులను కుట్టాయి’ లాంటివి. మూడోవి మామూలు వాక్యాల్లోని మాటలే, క్రమం చెదిరిపోయి. నాలుగోవి అర్థమూ క్రమమూ రెండూ లేని పదాల కుప్పలు. జనం మొదటివాటిని తేలిగ్గా అప్పజెప్పారు, నాలుగోవాటి దగ్గర చతికిలబడ్డారు, మధ్య రెండూ మధ్యలోనే ఉన్నాయి. దేనికదే సాయపడుతోందని అర్థం. నాకు ఇంకా నచ్చినది తప్పుల లెక్క. అర్థం చెడగొట్టినచోట జనం లేని మాటలు తెచ్చి దూర్చారు. క్రమం చెడగొట్టినచోట మాటల్ని ముందువెనకలు చేశారు, ప్రత్యయాలు మార్చేశారు. ఏ స్తంభం తీసేస్తే కప్పులో ఆ మూలే కుంగింది.

వరుస సంగతి ఇక్కడ ముఖ్యం. జాబితాలు గుర్తుపెట్టుకోవడంలో జనం తడబడేది చాలావరకు ఏ మాట తర్వాత ఏ మాట అన్నదాని దగ్గరే. నిక్ పెర్హామ్, జాన్ మార్ష్, డిలన్ జోన్స్ 2009లో పూర్తి వాక్యాలు కూడా లేకుండా ఇంగ్లీషు విశేషణాలను, నామవాచకాలను జతలు జతలుగా చదివించారు. ఇంగ్లీషు అలవాటు ప్రకారం విశేషణం ముందు వచ్చిన జతలు బాగా గుర్తున్నాయి; తిరగేసిన జతలు అంతగా లేవు. వాక్యం లేకపోయినా, దాని నడక ఎలా ఉంటుందో తెలియడం ఒక్కటే వరుసను కాపాడింది.

మన భాషలో వరుసకు కొంత స్వేచ్ఛ ఉంది. ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నా ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అన్నా చచ్చింది రావణుడే. ఇంగ్లీషులో వరుస మోసే బరువును తెలుగులో విభక్తి మోస్తుంది. అదనంగా మనకు అసమాపక క్రియలున్నాయి. ‘మా మేనమామ సూర్యాపేటలో బస్సు దిగి, పండ్లు కొని, ఆటో ఎక్కి, చీకటి పడకముందే ఇంటికి...’ అని ఎవరో చెబుతుండగా ఆగిపోతే, వింటున్నవాళ్లు ఆ మిగిలిన క్రియ కోసం కాచుకుని ఉంటారు. దిగి, కొని, ఎక్కి అన్న ప్రతిచోటా వాక్యం మనకు రెండు సంగతులు చెబుతోంది: ఒక పని ముగిసింది, దాన్ని మూటగట్టి పక్కనపెట్టు, మనిషి మాత్రం ఆయనే, కథ ఇంకా ఉంది. పన్నెండు మాటలు నడిచినా బుర్ర మీద పడిన బరువు నాలుగైదు మూటలే.

క్రియ చివరికి పోయే భాషల్లో జ్ఞాపకానికి శ్రమ ఎక్కువని ఒకప్పుడు అనుకునేవారు. కర్త ఎక్కడో మొదట్లో, క్రియ ఎక్కడో చివర్లో; మధ్యలో దూరం పెరిగేకొద్దీ కర్త మసకబారాలి. ఇంగ్లీషు వాక్యాల మీద చేసిన ప్రయోగాల్లో అలాగే కనిపించింది కూడా. శ్రవణ్ వసిష్ఠ్, రిచర్డ్ లూయిస్ 2006లో హిందీ వాక్యాలు తీసుకుని చూస్తే కథ అడ్డం తిరిగింది. కర్తకూ క్రియకూ మధ్య మరికొన్ని మాటలు చేర్చితే కొన్ని రకాల వాక్యాల్లో పాఠకులు క్రియను ఇంకా వేగంగా చదివారు. మధ్యలో వచ్చిన ప్రతి మాటా రాబోయే క్రియ గురించి కొంత చెప్పేస్తూ, దాన్ని ఊహించడం సులువు చేసింది. దూరం కూడా సాయమే అయింది. తెలుగు వాక్యమూ హిందీ వాక్యంలాగే క్రియతో ముగుస్తుంది కాబట్టి మన దగ్గరా ఇలాంటిదే జరుగుతుందని ఊహించడం తప్పు కాదు.

ఇంతవరకూ వ్యాకరణం మాటల్ని పట్టుకుంటుంది, మోస్తుంది, మూటగడుతుంది అంటూ వచ్చాను. ఈ మాటతీరు వాడుకకు హాయిగా ఉన్నా కొంత తప్పుదారి పట్టిస్తుంది. మేరీ పాటర్, లిండా లొంబార్డీ 1990లో చేసిన ప్రయోగం చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఒక యోధుడు గుర్రమెక్కి రాజభవనం చుట్టూ తిరుగుతూ లోపలికి దారి వెతికాడనే అర్థమొచ్చే వాక్యం చదివించారు. చదివించడానికి ముందో తర్వాతో కొన్ని విడి పదాలు చూపించారు. వాటిలో ‘కోట’ ఒకటి. తర్వాత వాక్యాన్ని ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. కొందరు యోధుణ్ణి కోట చుట్టూ తిప్పారు. తాము మార్చినట్టు వాళ్లకు తెలియలేదు.

వాక్యంలోని మాటలు వరుసగా అచ్చుపడి ఉండి, వాటిని తిరిగి చదువుతున్నామంటే కోట అందులోకి ఎలా వస్తుంది? పాటర్, లొంబార్డీ ఇచ్చిన వివరణ ఇది: వాక్యం వినగానే మనం మిగుల్చుకునేది ప్రధానంగా దాని అర్థం. ఏయే మాటలు ఈమధ్యే విన్నామో వాటి వెచ్చదనం మాత్రం కాసేపు ఉంటుంది. తిరిగి చెప్పమన్నప్పుడు ఆ అర్థం నుంచి, మనకు తెలిసిన వ్యాకరణంతో, కొత్తగా వాక్యం కడతాం. అసలు మాటలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి కాబట్టి కట్టినది దాదాపు ప్రతిసారీ అసలుతో సరిపోతుంది. పక్కన ‘కోట’ కూడా వెచ్చగా ఉంటే అప్పుడప్పుడూ అదొచ్చి రాజభవనం స్థానంలో కూర్చుంటుంది. పొల్లుపోకుండా గుర్తుందని మనం అనుకునేది అప్పటికప్పుడు తిరగరాసినదే.

ఈ వెచ్చదనం ఎంతసేపు? జాక్వెలిన్ సాక్స్ 1967లో గెలీలియో, దూరదర్శిని గురించిన కథ వినిపిస్తూ మధ్యలో ఆపి, ఒక వాక్యం చూపించి, ఇది విన్న వాక్యమేనా అని అడిగింది. విన్న వెంటనే అయితే మాట మారినా పసిగట్టారు. మరో 80 అక్షరాల పాటు కథ నడిచాక అడిగితే, అర్థం మారితే పట్టుకున్నారు కానీ, అర్థం అలాగే ఉంచి వాక్యం తీరు మార్చితే చాలావరకు పోల్చుకోలేకపోయారు. 80 అక్షరాలంటే మాట్లాడే వేగంలో అర నిమిషం కూడా కాదు.

తిరిగి కట్టడం ఎంత నిజమో పిల్లల దగ్గర ఇంకా బాగా కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్ల దగ్గరున్న వ్యాకరణం ఇంకా పూర్తి కాలేదు. డాన్ స్లోబిన్, చార్లెస్ వెల్ష్ రెండేళ్లు దాటిన ఒక పాపతో వాక్యాలు తిరిగి చెప్పించారు. ఏడ్చిన మోజార్ట్ నా పార్టీకి వచ్చాడు అనే అర్థంలో, ఉపవాక్యం పొదిగిన ఇంగ్లీషు వాక్యం వినిపిస్తే, ఆ పాప మోజార్ట్ ఏడ్చాడు, వాడు నా పార్టీకి వచ్చాడు అని రెండు వాక్యాలు చేసి చెప్పింది. అర్థం మొత్తం అందింది. పొదిగిన వాక్యం కట్టే పనిముట్టు మాత్రం ఇంకా చేతికి రాలేదు. తన దగ్గరున్న పనిముట్లతో అదే సంగతి చెప్పింది. చిలకపలుకు అని చిన్నపిల్లల మాటల్ని తీసిపారేస్తాం గానీ, చిలక ఈ పని చెయ్యలేదు.

అయితే వాక్యాన్ని కాసేపు ఉంచే ప్రత్యేకమైన చోటు బుర్రలో ఉందా, లేదా? బాడ్లీ, గ్రాహం హిచ్ 1974లో ప్రతిపాదించిన వర్కింగ్ మెమరీ నమూనాలో ధ్వనిని రెండు క్షణాలపాటు లోలోపల తిప్పుకుంటూ ఉండే ఒక భాగం ఉంది, పి.వి.లో దెబ్బతిన్నది అదే. వాక్యాల లెక్క దానితో తేలక, 2000లో బాడ్లీ ఇంకో గది కట్టాడు. ధ్వని, అర్థం, పాత జ్ఞానం కలిసి ముడిపడే చోటు అది. డేనియల్ అచెసన్, మేరీఎలెన్ మెక్‌డొనాల్డ్ లాంటివాళ్లు ఇంత కట్టడం ఎందుకంటారు. మాట్లాడే యంత్రాంగం మనకు ఎలాగూ ఉంది. మాటల్ని వరుసలో పెట్టడం దాని రోజువారీ పని. తక్షణ జ్ఞాపకం అంటే ఆ యంత్రాంగం నోటిదాకా వచ్చి ఆగడమే. నాకు ఈ రెండో పక్షం వైపే మొగ్గు. కానీ పి.వి. వాళ్లకూ పూర్తిగా లొంగదు. ఆమె భాషలోని మాటల జతలు మామూలుగానే నేర్చుకుంది. రష్యన్ మాటలు నేర్పబోతే ఒక్కటీ నిలవలేదు. పాత జ్ఞానం చేయి అందించనిచోట ఉత్త ధ్వనిని పట్టుకునే శక్తి కావాల్సి వచ్చింది, ఆమెకు అది లేదు. చాలా పొడుగు వాక్యంలో భూమి భూమధ్యరేఖను రెండుగా చీలుస్తుందన్నట్టు తిరగేసి చెప్పినా ఆ తప్పు పట్టుకోలేకపోయేది. అదే తప్పును పొట్టి వాక్యంలో ఇట్టే పట్టేసేది.

రష్యన్ మాటల ముందు పి.వి. పడ్డ అవస్థ మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. భాష వస్తే వాక్యం వినిపిస్తుంది, రాకపోతే మాటలు వినిపిస్తాయి. ఊళ్లో తెలుగు బడి నుంచి ఇంగ్లీషు మీడియం కాలేజీకి వెళ్లిన పిల్లవాడు లెక్చరర్ చెప్పిన వాక్యం మొత్తం రాసుకోలేకపోతే, వాడి జ్ఞాపకశక్తిని అనుమానిస్తాం. అదే పిల్లవాడు నిన్న చూసిన సినిమా డైలాగులు పేజీలకు పేజీలు అప్పజెబుతాడు. లోపం జ్ఞాపకంలో లేదు. మూటగట్టే వ్యాకరణం ఆ భాషలో ఇంకా చేతికి రాలేదు. అందుకే విన్న వాక్యాన్ని తిరిగి చెప్పించడం పరాయి భాష ఎంత వచ్చో కొలవడానికి ఒక పరీక్షగా స్థిరపడింది. భాషాభివృద్ధిలో లోపమున్న పిల్లల్ని గుర్తించడానికీ అదే వాడతారు. బ్రిటన్‌లో జినా కాంటీ-రామ్స్‌డెన్ బృందం 2001లో నాలుగు పరీక్షలు పోల్చి చూస్తే, అన్నిటికంటే బాగా ఆనవాలు పట్టినది వాక్యాన్ని తిరిగి చెప్పించే పరీక్షే. ఇంట్లో తెలుగు మాత్రమే వినే పిల్లకు ఈ పరీక్ష ఇంగ్లీషులో పెట్టి లోపముందని తేల్చడం మాత్రం అన్యాయం. అక్కడ కొలిచింది పిల్లను కాదు, ఇంగ్లీషును.

వ్యాకరణంతో జ్ఞాపకాన్ని నిలబెట్టడంలో మనవాళ్లకు ఒక పాత విద్య ఉంది. అష్టావధానంలో పృచ్ఛకులు ఎనిమిది మంది. వాళ్లలో పద్యం అడిగినవాళ్లకు అవధాని ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెబుతూ వరసగా తిరుగుతాడు. నాలుగు ఆవృత్తాలు పూర్తయ్యాక పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి. ఇక్కడ వ్యాకరణానికి తోడు గణాలు, యతి, ప్రాస ఉన్నాయి. రెండో అక్షరం ఏమిటో ప్రాస చెబుతుంది, విరామం తర్వాత ఏ అక్షరం రావాలో యతి చెబుతుంది, మాట ఎంత పొడుగుండాలో గణం చెబుతుంది. పద్యం గుర్తులేకపోయినా తిరిగి కట్టుకోవడానికి ఇన్ని ఆధారాలు! అదే అవధానంలో ఘంటాగణనం కూడా ఉంటుంది. గంట ఎన్నిసార్లు మోగిందో చెప్పాలి, అంతే. వ్యాకరణం లేదు, ఛందస్సు లేదు, ఆసరా ఏమీ లేదు. చూసేవాళ్లు పద్యధారణకు చప్పట్లు కొడతారు. నా దృష్టిలో గంటల లెక్కే దానికంటే పెద్ద పరీక్ష.

అర్థాన్ని బట్టి తిరిగి కట్టుకోవడంలో కోట రాజభవనంలోకి చొరబడే ప్రమాదం ఉందని చూశాం. ఒక్క అక్షరం కూడా మారకూడదు అనుకున్నవాళ్లు ఏం చేశారు? వేదపండితుల పాఠక్రమాలు ఆ ప్రమాదానికి కట్టిన కట్టుదిట్టంలా నాకు కనిపిస్తాయి. ముందు పదపాఠంలో సంధులు విడగొట్టి ఒక్కొక్క పదాన్నీ విడిగా నేర్పుతారు. ఆ తర్వాత క్రమ, జట, ఘన. ఘనలో మూడు పదాల్ని ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు అని చెప్పి, ఒక పదం ముందుకు జరిగి మళ్లీ మొదలుపెడతారు. మంత్రం మొదట్లోనూ చివర్లోనూ తప్ప, ప్రతి పదమూ మొత్తం 13 సార్లు నోట పలుకుతుంది. ప్రతిసారీ పక్క పదం మారుతుంది, దాన్ని బట్టి సంధి మారుతుంది, స్వరం మారుతుంది. అర్థం సరిపోయిందని ఒక మాట బదులు మరో మాట వచ్చి కూర్చుందనుకోండి, అది ఈ 13 చోట్లా, ముందునుంచీ వెనకనుంచీ, ప్రతి సంధిలోనూ ఇమడాలి. మొదటి రెండు మూడు మెలికల్లోనే పట్టుబడుతుంది. ఘనపాఠిగా తేలడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఎక్కువ భాగం అర్థం దారిన నోరు పరుగెత్తకుండా ఆపడానికే పోతుంది.